అన్నయ్యకు నచ్చని సినిమా నాకు నచ్చుతోంది

పేరు ప్రకటించవద్దని కోరుతూ విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరాన్ని ముందుగా ఇక్కడ క్లుప్తంగా చెబుతున్నాను. ఆమె వయసు యాభై దాటింది. సీతమ్మధారలో ఉంటూ ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నారు. 1980లలో దూరదర్శన్ ఆదివారం ఉదయాల్లో ‘స్టార్ ట్రెక్’ ధారావాహికను ప్రసారం చేసిన రోజుల్లో, టీవీ ఉన్న పక్కింటివారి ముందుగదిలో నేల మీద కూర్చుని, అర్థం కాని సంభాషణలను అన్నయ్య మెల్లగా విడమరిచి చెబుతూ ఉంటే ఆమె దాన్ని చూశారు. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్షనౌక, దాని కెప్టెన్ కిర్క్, తర్కం తప్ప మరేదీ నమ్మనట్టు కనిపించే వల్కన్ గ్రహవాసి స్పాక్, ఆ ఇద్దరినీ చీవాట్లు పెట్టే డాక్టర్ మెకాయ్ ఆ అన్నాచెల్లెళ్ల మాటల్లో అప్పటి నుంచీ రోజూ ఉండేవారు. తరువాత అన్నయ్య ఉక్కు కర్మాగారంలో చేరారు. అక్కడ ఇదే అభిమానం ఉన్న ఇద్దరు స్నేహితులు దొరికారు. సెలవు దొరికినప్పుడల్లా నలుగురూ లాసన్స్ బే ఇసుకలో కూర్చుని, మురీ మిక్చర్ తింటూ, చీకటి పడేదాకా వాదించుకునేవారు. 1979లో వచ్చిన తొలి చిత్రం మరీ నిదానమని ముగ్గురు మగవాళ్లూ కొట్టిపారేస్తే, అది గొప్ప చిత్రమని ఆమె ఒక్కరే ఏళ్ల తరబడి వాదించారు, ఇప్పటికీ వాదిస్తారు.

2009లో అవే పాత్రలను కొత్త నటులతో, వారి యవ్వనం నుంచి మొదలుపెట్టి, జె.జె. ఏబ్రమ్స్ దర్శకత్వంలో కొత్త చిత్రం తీశారు. అన్నయ్య దాని డీవీడీ తెచ్చి, నోట్‌బుక్ ముందు పెట్టుకుని, ఆపి ఆపి చూసి, అభ్యంతరాలన్నీ వరుసగా రాసుకుని, చివరికి ‘ఇది మనది కాదు’ అని తేల్చేశారు. నలుగురూ ఆ మాట మీదే ఉండిపోయారు. 2013లో, 2016లో వచ్చిన తరువాతి చిత్రాలను వారిలో ఎవరూ చూడలేదు. కొన్నేళ్ల క్రితం అన్నయ్య గుండెపోటుతో పోయారు. అప్పటి నుంచి ఏటా ఆయన పుట్టినరోజున గాజువాకలోని వదినగారింట్లో స్నేహితులూ కుటుంబమూ కలిసి భోజనం చేసి, ఆయనకు ప్రాణమైన 1982 నాటి రెండో చిత్రాన్ని చూడటం ఆనవాయితీ అయింది.

ఇంజనీరింగ్ చదువుతున్న మేనకోడలు ఈ వేసవిలో అత్త దగ్గర కొన్నాళ్లు ఉండి, తనకు ఎంతో ఇష్టమైన 2009 చిత్రాన్ని పట్టుబట్టి చూపించింది. ఆ పిల్ల మనసు కష్టపెట్టలేక కూర్చున్న అత్తకు, మంచు గుహలో పాత నటుడే వేసిన ముసలి స్పాక్ కనిపించే సన్నివేశం దగ్గర దుఃఖం ఆగలేదు. తరువాత మిగతా రెండూ చూశారు. 2016 చిత్రం చాలా నచ్చింది, 2013 చిత్రం నచ్చలేదు. ఈ సంగతి ఒక పెళ్లిలో అన్నయ్య స్నేహితుల్లో పెద్దాయనతో అంటే, ఆయన ముఖం మాడ్చుకుని, ‘మీ అన్నయ్య ఉండగా ఈ మాట అనగలిగేదానివా, అమ్మా?’ అన్నారు. అప్పటి నుంచి ఫోన్ చేయడం మానేశారు. వచ్చే నెలలో అన్నయ్య పుట్టినరోజు. ‘ఈసారి నాన్న పుట్టినరోజుకు 2009 సినిమా చూద్దాం అత్తా’ అంటోంది మేనకోడలు. వదినగారు ‘మీ ఇష్టం’ అని ఊరుకున్నారు. ‘ఇన్నేళ్లూ కాదన్నదాన్ని ఇప్పుడు మెచ్చుకుంటే అన్నయ్యను కాదన్నట్టే కదా? పుట్టినరోజున ఏం చేయను? నచ్చని 2013 చిత్రం కూడా నచ్చిందని ఆ పిల్లతో అనాలా?’ అని ఆమె అడుగుతున్నారు.

మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ విడివిడిగానే సమాధానాలున్నాయి. మీరు వాటిని ఒకే ముడిగా వేసుకోవడం వల్ల ఏ కొస లాగినా మిగతావి బిగుసుకుంటున్నాయి. ఒక సినిమా మీద మీ అభిప్రాయం మారింది. ఆ అభిప్రాయం మీ అన్నయ్యగారిదీ కాబట్టి, మారడం ఆయన పట్ల ద్రోహమని మీకు తోస్తోంది. ఆయన జ్ఞాపకార్థం జరిగే రోజున దాన్ని బయటపెట్టాలా వద్దా అన్న నిర్ణయం మీ మీద పడింది. సినిమా సంగతి ముందు చూద్దాం. అది చిన్న విషయమని దాటవేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే మీ అన్నయ్యగారు కూడా దాన్ని చిన్న విషయంగా చూడలేదు.

నోట్‌బుక్ నుంచి మీరు ఎత్తి రాసిన అభ్యంతరాలను నేను శ్రద్ధగా చదివాను. సస్పెన్షన్‌లో ఉన్న శిక్షణార్థి కిర్క్ ఒక్క చిత్రం ముగిసేసరికి నౌకకు కెప్టెన్ అయిపోవడాన్ని, షిఫ్టులు మోసి మెట్టు మెట్టుగా పైకి వచ్చిన ఆ ఉద్యోగి సహించలేకపోయారు. అది న్యాయమైన అభ్యంతరం. ఇంజన్ గదిలోని గొట్టాలూ తొట్లూ అంతరిక్షనౌకవి కావని, ఏదో ద్రవపదార్థాలు తయారుచేసే ఫ్యాక్టరీలో తీసి ఉంటారని ఆయన రాసుకున్న మాట చదివి నేను ఆశ్చర్యపోయాను. నిజంగానే ఆ దృశ్యాలను లాస్ ఏంజెలెస్‌లోని ఒక బీరు తయారీ కర్మాగారంలో తీశారు. పైపులైన్ల మధ్య జీవితం గడిపిన కన్ను ఊరికే మోసపోలేదు. తెర మీద పదే పదే మెరిసే కాంతి చారికల గురించి ఆయన విసుక్కున్నారు. అవి శ్రుతి మించాయని దర్శకుడే తరువాత ఒప్పుకున్నారు. వల్కన్ గ్రహాన్నే నాశనం చేసి, స్పాక్ తల్లిని చంపి, ప్రేక్షకుల కన్నీళ్లను సులువుగా సంపాదించారన్నది ఆయన చేసిన అన్నిటికన్నా తీవ్రమైన ఆరోపణ. దాంతో నేను సగమే ఏకీభవిస్తాను, కానీ తేలిగ్గా తీసేయను. చిన్నప్పుడు తాను ఈ ధారావాహిక అభిమానిని కానని ఏబ్రమ్స్ బహిరంగంగానే చెప్పారు కాబట్టి, పాత అభిమానులకు అనుమానం కలగడానికి కారణం లేకపోలేదు.

మీ మనసుకు ఊరట కలిగించగల మాట ఒకటి ఇక్కడే ఉందనుకుంటాను. మీకు ఆ చిత్రం నచ్చాలంటే ఈ అభ్యంతరాల్లో ఒక్కదాన్నీ వెనక్కి తీసుకోనక్కర్లేదు. కెప్టెన్ పదవి ఈ రోజు చూసినా అంతే తొందరగా వస్తుంది, ఇంజన్ గది ఈ రోజుకీ ఇంజన్ గదిలా ఉండదు. ఆయన చూసిన లోపాలన్నీ ఉన్నచోటే ఉన్నాయి. వాటి పక్కనే ఉన్న మరికొన్ని సంగతులు మీకు ఇప్పుడు కనిపించాయి. తీర్పు తలకిందులైందని మీరు రాశారు గానీ, మీ ఉత్తరంలో నాకు అది కనిపించలేదు. ‘బాగోలేదు’ అన్న చోట ‘ఇన్ని లోపాలున్నా నన్ను కదిలించింది’ అన్న మాట చేరింది, అంతే.

అప్పుడు కదిలించనిది ఇప్పుడెందుకు కదిలించిందని మీరు మిమ్మల్నే అనుమానిస్తున్నారు. పద్యనాటకాలు చూసి పెరిగిన పెద్దలు, ఒకే కృష్ణుణ్ణి పదిమంది నటులు వేస్తే ఎవరి రాగం ఎంతసేపు సాగిందో పోల్చి వాదించుకునేవారు గానీ, మరొకరు వేయడమే తప్పని ఎవరూ అనుకోలేదు. తెర మీద పాత్ర అలా కాదు. 1966 నుంచి 1969 వరకు నడిచిన ఆ 79 భాగాల్లోనూ, తరువాతి చిత్రాల్లోనూ కిర్క్ అంటే విలియం షాట్నర్, స్పాక్ అంటే లియొనార్డ్ నిమోయ్, మెకాయ్ అంటే డిఫారెస్ట్ కెల్లీ. ముఖమూ పాత్రా ఒకటైపోయాయి. కాబట్టి 2009లో మీరు కొత్త కిర్క్‌గా క్రిస్ పైన్‌నూ కొత్త స్పాక్‌గా జాకరీ క్వింటోనూ చూస్తూ, నిజానికి వాళ్లను చూడలేదు. వాళ్లలో లేనివాళ్లను వెతికారు. ఇన్నేళ్ల తరువాత ఆ వెతుకులాట సద్దుమణిగింది. మరో సంగతి కూడా ఉంది. 2009లో నిమోయ్ జీవించి ఉన్నారు, ఆయన తెర మీద కనబడటం ఒక పాత నటుడి పునఃప్రవేశం మాత్రమే. 2015 ఫిబ్రవరిలో ఆయన పోయారు. ఈ వేసవిలో మీరు చూసింది, ఇక లేని మనిషి వచ్చి తన యువ స్నేహితుణ్ణి గుర్తుపట్టే సన్నివేశం. అందులోనూ మీరు అన్నయ్యను పోగొట్టుకున్నాక చూశారు. అక్కడ కన్నీళ్లు రావడానికి మీరు మారిపోయారన్న వివరణ అవసరం లేదు.

ఈ పునఃప్రారంభాన్ని అల్లిన తీరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. పాత కథ జరగనే లేదన్నట్టు తుడిచివేసి కొత్తగా మొదలుపెట్టే అవకాశం వారికి ఉంది. అలా చేయకుండా, భవిష్యత్తు నుంచి ఒక శత్రునౌక గతంలోకి వచ్చి పడటంతో కాలం మరో పాయగా చీలిందని కథ అల్లారు. పాత పాయ పాతదిగానే ఉంది. అక్కడి నుంచి వచ్చిన సాక్షిగా నిమోయ్ స్పాక్ కొత్త పాయలో నిలబడ్డారు. మీ అన్నయ్యగారు దీన్ని ‘అతుకు’ అని రాశారు. కావచ్చు. నాకు మాత్రం అందులో పాత ప్రేక్షకుల పట్ల మర్యాద కనిపిస్తుంది.

‘మనది’ అన్న మాట గురించి ఇంకొంచెం ఆగి ఆలోచించమని కోరుతున్నాను. మీ అన్నయ్యగారికి ప్రాణమైన 1982 చిత్రమే ఒకప్పుడు ‘మనది కాదు’ అనిపించుకుంది. 1979 చిత్రం ఖర్చు అదుపు తప్పాక, ధారావాహిక సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీని నిర్మాణ బాధ్యత నుంచి తప్పించి సలహాదారు స్థానానికి పరిమితం చేశారు. రెండో చిత్రంలోని సైనిక ధోరణిని ఆయన వ్యతిరేకించారు. అందులో స్పాక్ చనిపోతాడన్న వార్త ముందే పొక్కి, అమెరికాలో అభిమానులు మండిపడ్డారు. 1987లో పూర్తిగా కొత్త నౌకాసిబ్బందితో మరో ధారావాహిక మొదలైనప్పుడూ అదే గొడవ జరిగింది. అప్పుడు కాదన్నవారే తరువాత దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఈ తగాదాలేవీ మన ఊరికి చేరలేదు. మనకు దూరదర్శన్ ద్వారా, తరువాత వీడియో క్యాసెట్ల ద్వారా అన్నీ ఆలస్యంగా, ఒక వరుసలో, అప్పటికే తేలిపోయిన రూపంలో అందాయి. అందువల్ల మీ నలుగురికీ పాతదంతా ఒకే అఖండ వస్తువుగా కనిపించింది, 2009లో మొట్టమొదటిసారి మార్పు మీ కళ్లముందు జరిగింది. మీ అన్నయ్యగారి బాధ అంత తీవ్రంగా ఉండటానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

ఇక ద్రోహం అన్న మాట. పెద్దాయన అడిగిన ప్రశ్న మిమ్మల్ని ఎంత గాయపరిచిందో మీ ఉత్తరం చెబుతూనే ఉంది, ఆ వాక్యాన్ని మీరు రెండుసార్లు రాశారు. కానీ ఆ ప్రశ్నకు సమాధానం మీ ఉత్తరంలోనే ఉంది, మీరు గమనించలేదు. అన్నయ్య ఉండగా మీరు ఆయనతో విభేదించగలిగేవారా? 1979 చిత్రం విషయంలో మీరు దశాబ్దాల పాటు చేసింది అదే కదా. ఆయన నవ్వారు, ఆటపట్టించారు, తన వాదన తాను చేశారు, మరుసటి వారం మళ్లీ మీకోసం ఇసుకలో చోటు ఉంచారు. ముగ్గురు ఒకవైపు ఉండి మీరొక్కరే మరోవైపు ఉన్నా మీ అన్నాచెల్లెళ్ల మధ్య ఏమీ తెగలేదు. అలాంటి మనిషి పోయాక, ఆయన మాటకు ఎదురుచెప్పడం మహాపరాధమైందంటే, అది ఆయన పెట్టిన నియమం కాదు, మనం ఆయన పేరు మీద పెట్టుకున్నది. ఉన్నప్పుడు ఆయనతో పోట్లాడటానికి మీకున్న హక్కును ఆయన మరణం లాగేసుకోకూడదు.

నోట్‌బుక్‌లో అభ్యంతరాల నడుమ ‘డాక్టరు మాత్రం అచ్చం పాత డాక్టరే’ అని ఒక వాక్యం ఉందని మీరు రాశారు. కొత్త మెకాయ్‌గా కార్ల్ అర్బన్ నటన చూసిన ఎంతోమంది పాత అభిమానులు అన్న మాటే అది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని, అన్నయ్య ఇంకొన్నాళ్లు ఉంటే ఆయనా మారేవారని పెద్దాయనతో వాదించాలని మీకు ఆశ పుట్టవచ్చు. దయచేసి ఆ పని చేయకండి. ఆయన మారేవారో లేదో ఎవరికీ తెలియదు. మీ ఇష్టానికి ఆయన ఆమోదముద్ర సంపాదించే ప్రయత్నం కూడా, పెద్దాయన చేసినట్టే, లేని మనిషి చేత మాట్లాడించడమే అవుతుంది. ఆ వాక్యం విలువ వేరు. నచ్చని చిత్రంలోనూ నచ్చినదాన్ని దాచుకోకుండా రాసిన నిజాయితీ అందులో ఉంది.

ఇప్పుడు మీ మేనకోడలి విషయం. మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగిపోయింది ఇక్కడే. కొత్త చిత్రాల్లో వేగమూ మెరుపులూ ఉంటాయి కాబట్టి ఈ తరం పిల్లలకు అవి నచ్చుతాయని మీరు రాశారు. ఉండవచ్చు. కానీ ఆ చిత్రం కథేమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. కిర్క్ పుట్టిన క్షణాల్లోనే అతని తండ్రి, నౌకలోని వారందరినీ తప్పించడానికి, తానొక్కడే ఆగి ప్రాణం వదులుతాడు. పన్నెండు నిమిషాల పాటు కెప్టెన్‌గా ఉండి 800 మందిని కాపాడిన మనిషి కొడుకువి నువ్వని, దారితప్పి తిరుగుతున్న ఆ కుర్రవాడితో తరువాత ఒక పెద్దమనిషి చెబుతాడు. మీకు కన్నీళ్లు తెప్పించిన ఆ గుహ సన్నివేశంలోనే, మరో కాలం నుంచి వచ్చిన ముసలి స్పాక్‌ను ఆ కుర్రవాడు అడిగేది ఒకటే: మీ ప్రపంచంలో నాకు మా నాన్న తెలుసా అని. తెలుసునని, నీకు స్ఫూర్తి ఆయనేనని చెప్పేవాడివని, నువ్వు కెప్టెన్ కావడం చూసేదాకా ఆయన జీవించాడని స్పాక్ చెబుతాడు.

స్కూల్లో ఉండగానే తండ్రిని పోగొట్టుకున్న అమ్మాయికి ఆ సంభాషణ ఎలా వినిపిస్తుందో నేను ఊహించగలనే గానీ నిశ్చయంగా చెప్పలేను. మీరూ ఆమెకు ఆపాదించవద్దు. అయితే ఆమె నాన్న పుట్టినరోజునే ఆ చిత్రం చూద్దామని అడుగుతోందన్న విషయాన్ని, కొత్తదానికీ పాతదానికీ పోటీగా కాకుండా, ఈ వెలుగులో ఒకసారి చూడండి. బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామిలోకి నాన్న తీసుకువెళ్లి, 1982 చిత్రంలో ధూళిమేఘం లోపల రెండు నౌకలు ఒకదాన్నొకటి చూడలేక గుడ్డిగా వెతుక్కోవడం ఎలా ఉంటుందో చూపించాడని ఆ అమ్మాయి ఇప్పటికీ చెప్పుకుంటుందని మీరే రాశారు. పాతదాన్ని ఆమె కాదనడం లేదు. నాన్న వస్తువు ఆమెకు నాన్న ద్వారా వచ్చింది. తనదిగా తెచ్చుకున్న దాన్ని నాన్న ముందు పెట్టాలనుకుంటోంది. ఎందుకు ఆ రోజే చూడాలనుకుంటున్నావని ఆమెను తిన్నగా అడగండి. జవాబు వచ్చేదాకా తొందరపెట్టకండి.

పెద్దాయనపై మీకు కోపం ఉంది, ఉండటం సహజం. అయినా ఆయన వైపు నుంచి ఒక మాట. ముప్పై ఏళ్లు ఒకే షిఫ్టులో, ఒకే క్యాంటీన్‌లో కలిసి గడిపిన స్నేహితుణ్ణి ఆయన పోగొట్టుకున్నారు. మీకు అన్నయ్య గురించి మాట్లాడుకోవడానికి వదినగారున్నారు, మేనకోడలుంది, ఇల్లుంది. ఆయనకు మిగిలింది ఏడాదికి ఒక మధ్యాహ్నం, ఒక పాత సినిమా, నలుగురూ కలిసి కట్టుబడిన ఒక మాట. ఆ మాట నుంచి మీరు పక్కకు జరగగానే, మిగిలిందీ పోతుందన్న భయంతో ఆయన అలా అన్నారని నేననుకుంటున్నాను. ఆయన అన్నది తప్పే. కానీ అది సినిమా మీద తగాదా కాదు కాబట్టి, సినిమా గొప్పతనం నిరూపించి దాన్ని పరిష్కరించలేరు.

పుట్టినరోజు విషయంలో మీకున్న దారులు చూద్దాం. ఏమీ చెప్పకుండా, ఎప్పటిలాగే 1982 చిత్రం పెట్టి, మీ ఇష్టాన్ని మీలోనే ఉంచుకోవచ్చు. ఆ రోజు ప్రశాంతంగా గడిచిపోతుంది. కానీ మేనకోడలు అడిగిన మాటకు కారణం చెప్పకుండా కాదన్నట్టు అవుతుంది. ఆమె మరోసారి అడగదు, బహుశా ఆ కూడికకే క్రమంగా దూరమవుతుంది. మీరేమో మీ అన్నయ్య ఇంట్లో, మీ అన్నయ్య రోజున, మనసులో మాట దాచుకుని కూర్చుంటారు. ఆయన దగ్గర మీరు ఎన్నడూ అలా కూర్చోలేదు.

పుట్టినరోజును యథాతథంగా ఉంచి, ముందురోజో ఆ వారంలో మరో రోజో మీరూ మేనకోడలూ వదినగారూ 2009 చిత్రం చూడవచ్చు. ఎవరినీ నొప్పించని మార్గమిది, పెద్దాయనకు ఆయన మధ్యాహ్నం మిగులుతుంది. దీన్ని దాచిపెట్టి చేస్తే మాత్రం చెడ్డపని చేసినట్టు అవుతుంది, ఆ పిల్లకు కూడా అదే అర్థమవుతుంది. మేం నిన్న ఇది చూశామని మరునాడు అందరి ముందూ మామూలుగా చెప్పగలిగే ధైర్యం మీకుంటేనే ఈ దారి మంచిది.

మేనకోడలు కోరినట్టు ఆ రోజే 2009 చిత్రం పెట్టవచ్చు. రెండూ పెట్టాలంటే నాలుగు గంటలు దాటుతుంది, భోజనాల తరువాత పెద్దవాళ్లు అంతసేపు కూర్చోలేరు కాబట్టి ఒకటే ఎంచుకోవాలి. ఆ అమ్మాయికి ఇది ఇచ్చే సంతోషం చాలా పెద్దది. పెద్దాయన మధ్యలో లేచి వెళ్లిపోయే ప్రమాదం, లేదా అసలు రాకపోయే ప్రమాదం కూడా అంతే నిజం. ఆయన రాకపోతే తన కోరిక వల్లే నాన్న స్నేహితుడు దూరమయ్యాడని ఆ అమ్మాయి బాధపడుతుంది. అందువల్ల ఈ దారి ఎంచుకుంటే ఆయనకు ముందుగా తెలియాలి. ఆ రోజు టీవీ ముందు కూర్చున్నాక తెలియకూడదు.

నా మొగ్గు ఎటో దాచను. ఏ దారి ఎంచుకున్నా దానికి ముందు మీరు పెద్దాయన ఇంటికి ఒక్కరే వెళ్లి మాట్లాడాలని నా అభిప్రాయం. ఫోన్‌లో వద్దు, పెళ్లిళ్లలో అసలే వద్దు. సినిమాను సమర్థించకండి. ‘అన్నయ్యా, ఆ రోజు మీరన్న మాట నన్ను బాధపెట్టింది. 1979 సినిమా మీద నేను మీ ముగ్గురితోనూ పోట్లాడేదాన్ని, ఇప్పుడు దీని మీద మీతో పోట్లాడాలనుంది, మా అన్నయ్య లేడని మీరు నాతో పోట్లాడటం మానేయకండి’ అని చెప్పండి. మేనకోడలి కోరికను కూడా ఆయనకు మీరే చెప్పి, ఆ నోట్‌బుక్ తెచ్చి ఆ రోజు మీ స్నేహితుడి తరఫున అభ్యంతరాలు చదివే బాధ్యత ఆయనదేనని అడగవచ్చు. సినిమాను ఆపి ఆపి, ఒక్కో అభ్యంతరం చదువుతూ చూస్తే, అది మీ అన్నయ్యగారు చూసిన పద్ధతే అవుతుంది. ఆయన వాదన పూర్తి బలంతో ఆ గదిలో ఉంటుంది, కూతురికి తండ్రి చేతిరాతలోని తర్కం తెలుస్తుంది, ఎవరూ ఎవరికీ లొంగినట్టు కాదు. ఆయన ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఈ ఏడాదికి రెండో దారే పట్టండి. వచ్చే ఏడాది మళ్లీ అడగవచ్చు.

వదినగారి ‘మీ ఇష్టం’ అన్న మాటను అంగీకారంగా లెక్కవేసుకోకండి. ఆ చిత్రం మొదటి పది పన్నెండు నిమిషాల్లో, ఒక స్త్రీ బిడ్డను కంటూ ఉండగా, భర్త గొంతు మాత్రమే వినిపిస్తూ, బిడ్డకు పేరు పెట్టి, ఆగిపోతుంది. గుండెపోటుతో హఠాత్తుగా భర్తను పోగొట్టుకున్న మనిషి అది తెలియకుండా చూడకూడదు. ముందుగా మీరు విషయం వివరంగా చెప్పి, చూస్తారో, ఆ కాసేపు వంటింట్లో ఉండి తరువాత వచ్చి కూర్చుంటారో ఆమెనే తేల్చుకోనివ్వండి. ఆమె వద్దంటే, ఆ ఇంట్లో ఆ రోజుకు అదే చివరి మాట. మేనకోడలికి అది నచ్చజెప్పవలసింది మీరే.

2013 చిత్రం గురించి అబద్ధం చెప్పవలసిన అవసరం నాకు ఏమాత్రం కనిపించదు. మీకు ఎందుకు నచ్చలేదో నాకూ అందుకే నచ్చలేదు. 1982లో అద్దానికి లోపల స్పాక్ ప్రాణం వదులుతుంటే బయట కిర్క్ నిస్సహాయంగా నిలబడ్డాడు. 2013లో ఇద్దరినీ అటూ ఇటూ మార్చి అదే దృశ్యాన్ని మళ్లీ తీశారు, పైగా పోయినవాడు కాసేపటికే లేచి కూర్చుంటాడు. మొదటిదాని వెనుక పదిహేనేళ్ల స్నేహం ఉంది, రెండోదాని వెనుక అప్పటికి ఒకే ఒక్క చిత్రం ఉంది. 2016 చిత్రం ఆ పొరపాటు చేయలేదు. ముసలి స్పాక్ మరణవార్త విన్న యువ స్పాక్ ఆయన వస్తువుల్లో పాత బృందం ఫొటో చూస్తాడు, అంతే, ఎవరూ ఎవరినీ అనుకరించరు. అది మీకు నచ్చడంలో మీ పాత అభిరుచి చెక్కుచెదరలేదని నాకు స్పష్టంగా కనిపిస్తోంది. ఒకరోజు ఆ రెండు అద్దం దృశ్యాలనూ మీ మేనకోడలికి పక్కపక్కన చూపించి, మీ అభ్యంతరం పూర్తిగా చెప్పండి. ఆమె ఒప్పుకోకుండా ఎదురు వాదిస్తే వాదించనివ్వండి, మధ్యలో సరేనని తగ్గిపోకండి.